పన్నెండు టెన్సులూ నోటికి వచ్చు, వాక్యం మాత్రం రాదు

ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. వయసు 36. బడి చదువూ డిగ్రీ కూడా తెలుగు మీడియంలోనే. ఆరేళ్ళుగా ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నారు. ఇన్నాళ్ళూ పనంతా తెలుగులోనే జరిగిపోయింది. ఈమధ్య వచ్చిన పై అధికారికి తెలుగు రాదు. ఇప్పుడు రోజూ ఇంగ్లీషులో మెయిళ్ళు రాయాలి, వారానికోసారి మీటింగులో లెక్కలు నోటితో వివరించాలి. ముందురోజు రాత్రి నిద్ర పట్టడం లేదని రాశారు.

గ్రామర్ పుస్తకం కొని మూడుసార్లు మొదలుపెట్టారట. మూడుసార్లూ నామవాచకాలతో మొదలై టెన్సుల దగ్గర ఆగిపోయింది. పన్నెండు టెన్సుల పట్టిక చూడకుండా అప్పజెప్పగలరు. గో, వెంట్, గాన్ అంటూ క్రియలు వరసగా చెప్పగలరు. తీరా ఎదురుగా మనిషి నిలబడితే ఏ టెన్సు వాడాలో తేలక నోరు పెగలదు. భర్తేమో "గ్రామర్ గొడవ వదిలెయ్, తప్పో ఒప్పో మాట్లాడుతుంటే అదే వస్తుంది" అంటారు. స్నేహితురాలు స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో చేరమంటోంది. ఇంగ్లీష్ మీడియంలో చదివే తొమ్మిదేళ్ళ కూతురు అమ్మ మాటలో తప్పు ఇట్టే పట్టుకుంటుంది, కానీ ఎందుకు తప్పు అంటే చెప్పలేదు. మళ్ళీ మొదటి నుంచి చదవాలా, గ్రామర్ మానేసి మాట్లాడాలా, కోర్సులో చేరాలా, అసలు ఈ వయసులో వస్తుందా అన్నవి ఆమె ప్రశ్నలు. తాను రాసినవాటిలో సహోద్యోగి తప్పని చూపించిన ఆరు వాక్యాలు కూడా పంపారు.

ఆ వాక్యాలు పంపి చాలా మంచి పని చేశారు. మీ కష్టం ఎక్కడుందో ఉత్తరం కంటే అవే బాగా చెబుతున్నాయి. ముందు వాటిని ఒక్కచోట పెట్టుకుందాం.

ఒకటి: "డిడ్ యు సెంట్ ద ఫైల్?"
రెండు: "ఐ యామ్ నాట్ రిసీవ్డ్ యువర్ మెయిల్."
మూడు: "వేర్ యు ఆర్ కీపింగ్ ద ఓల్డ్ బిల్స్?"
నాలుగు: "డైలీ ఐ విల్ చెక్ ద అకౌంట్స్."
ఐదు: "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ సిక్స్ ఇయర్స్."
ఆరు: "వి డిస్కస్డ్ అబౌట్ ద బిల్."

ఇవి ఆరు తప్పుల్లా కనిపిస్తున్నాయి కానీ ఉన్నవి మూడే. మొదటి మూడు వాక్యాలదీ ఒకటే ఇబ్బంది, సహాయక క్రియ, అంటే అసలు క్రియకు తోడుగా వచ్చే "డిడ్, హ్యావ్, ఆర్" లాంటి మాట. నాలుగు, ఐదు వాక్యాల్లో తెలుగు క్రియను ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులోకి దించారు. ఆరో వాక్యంలో "అబౌట్" అనే అక్కర్లేని ప్రిపోజిషన్ పడింది. మీకు వచ్చినవి కూడా చూడండి. కర్త తర్వాత క్రియ, దాని తర్వాత కర్మ, ఈ వరస ఎక్కడా తప్పలేదు. "ద" పెట్టాల్సిన ప్రతి చోటా పెట్టారు. బహువచనాలు సరిగ్గా ఉన్నాయి. అంటే పుస్తకంలో మొదటి సగం మీకు అవసరం లేదు. మూడుసార్లూ మీరు వచ్చిన దాన్నే మళ్ళీ చదివి, రానిది మొదలయ్యే చోట అలసిపోయి ఆగారు.

పన్నెండు టెన్సుల పట్టిక ఎందుకు అక్కరకు రాలేదో చెబుతాను. అది తయారైపోయిన వాక్యాలను గడుల్లో పేర్చి చూపిస్తుంది, వాక్యం ఎలా తయారవుతుందో చూపించదు. నిజానికి ఇంగ్లీషు క్రియ తన రూపం మార్చుకుని చూపించే కాలాలు రెండే. "గో, గోజ్" అనేది వర్తమానం, "వెంట్" అనేది భూతం. భవిష్యత్తుకు క్రియలో ప్రత్యేక రూపమే లేదు, "విల్" లాంటి మాటను తోడు తెచ్చుకుంటుంది. పట్టికలో మిగతావన్నీ సహాయక క్రియలు కలవడం వల్ల ఏర్పడినవే. ఆ సహాయక క్రియల కుటుంబాలు నాలుగు. ఏది తన తర్వాత ఏ రూపాన్ని అడుగుతుందో తెలిస్తే పట్టికతో పనిలేదు.

"గో, వెంట్, గాన్" వరసలో మొదటి రూపం వి1, రెండోది వి2, మూడోది వి3. "డు, డజ్, డిడ్" తర్వాత వి1. ఎప్పుడూ అదే. "క్యాన్, కుడ్, విల్, వుడ్, షల్, షుడ్, మే, మైట్, మస్ట్" అనే తొమ్మిదింటి తర్వాత కూడా వి1 మాత్రమే, మధ్యలో "టు" రాదు, చివర "ఎస్" చేరదు. "హ్యావ్, హ్యాజ్, హ్యాడ్" తర్వాత వి3. "యామ్, ఈజ్, ఆర్, వజ్, వర్" తర్వాత, కర్త పని చేస్తూ ఉంటే ఐఎన్‌జీ రూపం, కర్త మీద పని జరిగితే వి3. "ఐ యామ్ చెకింగ్" అంటే నేను చూస్తున్నాను, "ద బిల్ ఈజ్ చెక్డ్" అంటే బిల్లును ఎవరో చూస్తారు లేదా చూసేశారు. ఇంతే. పట్టికలో అందరినీ భయపెట్టే "విల్ హ్యావ్ బీన్ వర్కింగ్" కూడా ఈ నియమాల గొలుసే. "విల్" వి1 అడిగింది, "హ్యావ్" వచ్చింది. "హ్యావ్" వి3 అడిగింది, "బి"కి వి3 అయిన "బీన్" వచ్చింది. "బీన్" ఐఎన్‌జీ అడిగింది, "వర్కింగ్" వచ్చింది. కంఠతా పట్టాల్సింది ఏమీ లేదు, ఎవరి వెనక ఎవరు నిలబడతారో తెలిస్తే చాలు.

మరి "ఐ సెంట్ ద ఫైల్" అన్నప్పుడు సహాయక క్రియ ఏది? ఉంది, లోపల దాక్కుని ఉంది. "సెంట్"లో "డిడ్"తో పాటు "సెండ్" కలిసిపోయి ఉంది. అలాగే "గోజ్"లో "డజ్", "గో" కలిసి ఉన్నాయి. మామూలు వాక్యంలో అది బయటికి రాదు. ప్రశ్న వేసినప్పుడో, కాదనాల్సి వచ్చినప్పుడో వస్తుంది. భూతకాలం గుర్తును కూడా తనతోనే తీసుకొస్తుంది కాబట్టి క్రియ మళ్ళీ "సెండ్" అయిపోతుంది. ఇంగ్లీషు వాక్యంలో కాలం గుర్తు ఒక్కసారే, మొదటి క్రియ మీదే పడుతుంది. "డిడ్ యు సెంట్"లో అది రెండుసార్లు పడింది. "డజ్ హి గోజ్"లో జరిగేదీ ఇదే. "డిడ్ యు సెండ్ ద ఫైల్?" అనాలి.

ఈ ఒక్కటి చేతిలోకి వస్తే అయిదు పనులు జరిగిపోతాయి. ప్రశ్న కావాలంటే మొదటి సహాయక క్రియను కర్త ముందుకు తీసుకురండి. "యు ఆర్ కీపింగ్" కాస్తా "ఆర్ యు కీపింగ్" అవుతుంది, "వేర్" ఉన్నా ఆ మార్పు తప్పదు. కాదనాలంటే ఆ క్రియ తర్వాత "నాట్" పెట్టండి. పొట్టి జవాబుకు దాన్నే తిరిగి చెప్పండి: "యెస్, ఐ డిడ్", "నో, ఐ హ్యావెంట్". తెలుగులో "కదా" ఒక్కటే అన్నింటికీ సరిపోతుంది కాబట్టి మనం అన్ని వాక్యాల చివరా "ఈజింట్ ఇట్" తగిలిస్తాం. అక్కడా అదే క్రియ తిరగబడి రావాలి: "యు సెంట్ ఇట్, డిడింట్ యు?" గట్టిగా నొక్కి చెప్పాలన్నా ఆ క్రియే: "ఐ డిడ్ సెండ్ ఇట్", పంపాను, నిజంగానే పంపాను. "హూ" కర్తగా ఉన్న ప్రశ్న మాత్రం వేరు. "ఎవరు పంపారు?" అనడానికి "హూ సెంట్ ఇట్?" చాలు, "డిడ్" రాదు.

మూడో వాక్యం గురించి ఇంకో మాట. పాత బిల్లులు ఎప్పుడూ ఎక్కడ పెడతారు అన్నది మీ ప్రశ్న అయితే "వేర్ డు యు కీప్ ద ఓల్డ్ బిల్స్?" అనాలి. "వేర్ ఆర్ యు కీపింగ్" అంటే ప్రస్తుతానికి, ఈమధ్య, ఎక్కడ పెడుతున్నారు అని వస్తుంది. రెండూ తప్పుకాని వాక్యాలే, కానీ అడిగేవి వేరు.

"యామ్, ఈజ్, ఆర్" విషయంలో చాలామంది రెండు దశల్లో తప్పు చేస్తారు. మీరు రెండో దశలో ఉన్నారు. "ఆయన డాక్టరు", "నేను సిద్ధం" అంటే తెలుగులో నిండు వాక్యాలు, క్రియ అక్కర్లేదు. అందుకని మొదట్లో "హి డాక్టర్" అంటాం. అక్కడ "ఈజ్" కావాలని ఎవరో చెబుతారు. ఇక అప్పటి నుంచి దాన్ని అన్నిచోట్లా పెట్టేస్తాం: "ఐ యామ్ అగ్రీ", "ఐ యామ్ నాట్ రిసీవ్డ్". వాక్యంలో అసలు క్రియ ఉందా అని చూడండి. "అగ్రీ" క్రియ, కాబట్టి "ఐ అగ్రీ". "రెడీ" క్రియ కాదు, కాబట్టి "ఐ యామ్ రెడీ". ఇక "ఐ యామ్ నాట్ రిసీవ్డ్" అంటే, విచిత్రంగా, నన్ను ఎవరూ స్వీకరించలేదు అనే అర్థం వైపు పోతుంది.

ఆ వాక్యం వెనక మన "లేదు" కూడా ఉంది. మన భాషలో ఇంత బరువు మోసే మాట ఇంకొకటి ఉండదు. "ఫైలు ఇక్కడ లేదు", "ఫైలు రాలేదు", "ఫైలు పంపడం లేదు", "నా దగ్గర ఫైలు లేదు", ఈ నాలుగూ "లేదు"తోనే ముగుస్తాయి. ఇంగ్లీషులో నాలుగూ నాలుగు దారుల్లో పోతాయి: "ద ఫైల్ ఈజ్ నాట్ హియర్", "ద ఫైల్ డిడ్ నాట్ కమ్", "ఐ యామ్ నాట్ సెండింగ్ ద ఫైల్", "ఐ డోంట్ హ్యావ్ ద ఫైల్". కాబట్టి "లేదు" వినబడగానే "నాట్" కోసం వెతకకండి. ముందు "లేదు" తీసేసి, జరిగిందన్నట్టుగా ఆ వాక్యం అనుకోండి. "ఫైలు వచ్చింది", "ద ఫైల్ కేమ్". అందులో దాక్కున్న "డిడ్" బయటికి వస్తే "డిడ్ నాట్ కమ్". "ఫైలు ఇక్కడ ఉంది", "ద ఫైల్ ఈజ్ హియర్", దాని నుంచి "ఈజ్ నాట్ హియర్". రెండో వాక్యాన్ని ఇలాగే సరిచేస్తే "ఐ డిడ్ నాట్ రిసీవ్ యువర్ మెయిల్" అవుతుంది. ఇంకా ఎదురుచూస్తున్నానని తెలియాలంటే "ఐ హ్యావ్ నాట్ రిసీవ్డ్ యువర్ మెయిల్".

ఇప్పుడు నాలుగో వాక్యం. "రోజూ లెక్కలు చూస్తాను", "రేపు లెక్కలు చూస్తాను". మనకు "చూస్తాను" ఒక్కటే. "రోజూ" అన్న చోట ఇంగ్లీషు "విల్" ఒప్పుకోదు: "ఐ చెక్ ద అకౌంట్స్ డైలీ". "రేపు" అన్న చోట "ఐ విల్ చెక్". మీ వాక్యం చదివిన అధికారి, ఇకమీదట రోజూ చూస్తానని మీరు కొత్తగా మాట ఇస్తున్నారనుకుంటారు, ఇన్నాళ్ళూ చూడలేదనే అర్థం కూడా తీసుకోవచ్చు. ఇలాంటి తప్పుకు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి, ఎందుకంటే వాక్యంగా అందులో లోపమేమీ లేదు. తప్పుల కింద గీత గీసే సాఫ్ట్‌వేర్ కూడా దీన్ని వదిలేయవచ్చు. తెలుగులో ఆ మాటకు ముందు "రోజూ, మామూలుగా" అని చేర్చి చూడండి. అర్థం చెడకపోతే "విల్" వద్దు.

"చూస్తున్నాను" అన్న ప్రతిసారీ ఐఎన్‌జీ కూడా పనికిరాదు. "నో (తెలుసు), వాంట్, నీడ్, లైక్, బిలీవ్, అండర్‌స్టాండ్, బిలాంగ్" లాంటివి పనులు కావు, స్థితులు. వాటికి సాధారణంగా ఐఎన్‌జీ చేర్చరు. "ఐ యామ్ హ్యావింగ్ టు సిస్టర్స్" తప్పు, ఎందుకంటే అక్కడ "హ్యావ్" అంటే కలిగి ఉండటం. "వి ఆర్ హ్యావింగ్ ఎ మీటింగ్" ఒప్పు, ఎందుకంటే అక్కడ ఒక పని జరుగుతోంది.

ఐదో వాక్యంలో తప్పులు రెండు. "ఆరేళ్ళ నుంచి", "2019 నుంచి", రెండింటికీ మనకు "నుంచి" ఒక్కటే. ఇంగ్లీషులో ఎంత కాలం అన్నది చెబితే "ఫర్", ఎప్పుడు మొదలైందో చెబితే "సిన్స్". కాబట్టి "ఫర్ సిక్స్ ఇయర్స్", "సిన్స్ 2019". రెండోది, ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్న పని కాబట్టి "యామ్" చాలదు, "హ్యావ్" తోడు రావాలి: "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ సిక్స్ ఇయర్స్". "ఐ హ్యావ్ వర్క్‌డ్ హియర్ ఫర్ సిక్స్ ఇయర్స్" అన్నా సరిపోతుంది. కానీ "ఐ వర్క్‌డ్ హియర్ ఫర్ సిక్స్ ఇయర్స్" అంటే మాత్రం ఆ ఉద్యోగం మానేశారని అర్థం.

ఇదే చోట "పంపాను" సంగతి కూడా తేల్చుకోండి. "ఐ సెంట్", "ఐ హ్యావ్ సెంట్", రెండింటికీ మనకు "పంపాను" ఒక్కటే. నిన్న, పదింటికి, పోయిన వారం అని గడిచిన సమయం చెబితే వి2 మాత్రమే. "ఐ హ్యావ్ సెంట్ ఇట్ యెస్టర్‌డే" ఆఫీసు మెయిళ్ళలో ఎక్కువగా కనిపించే తప్పుల్లో ఒకటి. సమయం చెప్పకుండా, పని అయింది ఇక చూసుకోవచ్చు అనే ధోరణిలో అయితే "ఐ హ్యావ్ సెంట్ ద ఫైల్". ఎటూ తేలకపోతే సమయం చేర్చి వి2 వాడండి, అది ఎప్పుడూ తప్పు కాదు.

ఆరోది చిన్నది. "బిల్లు గురించి చర్చించాం"లోని "గురించి" మీ చేత "అబౌట్" పెట్టించింది. "డిస్కస్"కు అది అక్కర్లేదు. "రీచ్, ఎంటర్, కాంటాక్ట్, అటెండ్, ఆన్సర్, మెన్షన్" కూడా అంతే, నేరుగా కర్మను తీసుకుంటాయి. నామవాచకంగా మారితే మళ్ళీ ప్రిపోజిషన్ వస్తుంది: "ఎ డిస్కషన్ అబౌట్ ద బిల్". మరికొన్నింటికి మనం మరిచిపోయేది ఉంటుంది: "రిప్లై టు", "వెయిట్ ఫర్", "లిజన్ టు". "ఎక్స్‌ప్లెయిన్ మి" అనకూడదు, "ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి" అనాలి. వీటికి సూత్రం వెతకడం కాలయాపన. ఒక్కొక్క క్రియను దాని తోకతో సహా గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసం తయారైన నిఘంటువులో ప్రతి క్రియ కిందా ఉదాహరణ వాక్యం ఉంటుంది, సందేహం వచ్చిన చోట దాన్ని చూడటమే దారి.

ఆర్టికల్స్‌ను (ఎ, ఎన్, ద) మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి. తెలుగులో అవి లేవు కాబట్టి అందరికంటే ఆలస్యంగా పట్టుబడేవి అవే, పైగా అవి తప్పినా ఎదుటివారికి అర్థం పెద్దగా చెడదు. ఒక్క జాగ్రత్త చాలు: "ఇన్ఫర్మేషన్, అడ్వైస్, ఫర్నిచర్, ఎక్విప్‌మెంట్, ఫీడ్‌బ్యాక్"లకు ముందు "ఎ, ఎన్" రావు, చివర "ఎస్" చేరదు.

ఇక మీ ముందున్న దారులు. ఏ దారిలో ఏమవుతుందో చెబుతాను, మీ వీలును బట్టి మీరు ఎంచుకోండి.

పుస్తకం నాలుగోసారి మొదటి పేజీ నుంచి తెరిస్తే, మునుపటిలాగే టెన్సుల దాకా వెళ్ళి ఆగే ప్రమాదమే ఎక్కువ. పోటీ పరీక్ష రాసేవారికి క్రమంగా చదవడం అవసరం, మీకు కాదు. అయినా పుస్తకం ఉంటేనే ధైర్యం అనిపిస్తే విషయసూచిక తెరిచి సహాయక క్రియలు, ప్రశ్నలు, నెగటివ్ వాక్యాల అధ్యాయాల నుంచే మొదలుపెట్టండి. అభ్యాసాలకు వెనక జవాబులు ఉన్న పుస్తకమే తీసుకోండి, లేకపోతే తప్పు రాసి ఒప్పనుకుని ముందుకు పోతారు. భాషా స్థాయిలకు కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన ఆరు మెట్ల కొలత ఒకటుంది, ఎ1తో మొదలై సి2తో ముగుస్తుంది. చాలా పుస్తకాల అట్ట మీద అది వేస్తారు. మీ వాక్యాలను బట్టి ఎ2 లేదా బి1 అని ఉన్నవి మీకు సరిపోతాయి.

గ్రామర్ వదిలేసి మాట్లాడటం అనే మీ భర్త సలహాలో సగం నిజం ఉంది. వేగం మాట్లాడితేనే వస్తుంది, ఏ పుస్తకమూ ఇవ్వలేదు. ఇబ్బంది మిగతా సగంలో ఉంది. "డిడ్ యు సెంట్" అన్నా అవతలివారికి అర్థమవుతుంది, పని జరిగిపోతుంది, ఎవరూ దిద్దరు. దిద్దనివాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి వాడిన తప్పు అలవాటుగా గట్టిపడుతుంది, తర్వాత విడిపించడం మరీ కష్టం. మాటల్లో అది గాలికి పోతుంది, మెయిల్లో మాత్రం మీ పేరుతో మిగిలిపోతుంది. ఈ దారి ఒక్కటే పట్టుకుంటే భయం పోతుంది, తప్పులు ఉంటాయి.

కోర్సు విషయంలో డబ్బు కట్టేముందు ఒక తరగతి కూర్చుని చూడండి. గంటలో ఒక్కొక్కరు ఎన్ని నిమిషాలు నోరు విప్పుతున్నారో గమనించండి. గంట తరగతిలో 30 మంది ఉంటే, టీచరు ఒక్క మాటా మాట్లాడకపోయినా, మనిషికి దక్కేది రెండు నిమిషాలు. మీరు రాసింది ఎవరైనా దిద్ది ఇస్తారా, జవాబులే కాక ప్రశ్నలు కూడా మీ చేత అడిగిస్తారా అని అడగండి. బోర్డు మీద పన్నెండు టెన్సుల పట్టిక వేసి రాసుకోమంటే, అది మీ దగ్గర ఇప్పటికే ఉంది. పది మందిలోపు ఉండి, రాసింది దిద్దే టీచరు దొరికితే మాత్రం ఆ ఖర్చు దండగ కాదు. మీటింగులో నలుగురి ముందు మాట్లాడే బెరుకు ఇంట్లో ఒంటరి సాధనతో పోదు, నలుగురున్న చోటే పోతుంది.

నాలుగో దారి మీరు అడగలేదు కానీ దాని సరంజామా మీ దగ్గరే ఉంది. మీ సొంత వాక్యాలను మీరే బాగుచేసుకోవడం. రోజుకు 20 నిమిషాలు చాలు. ఆ రోజు మీరు నిజంగా పంపిన మెయిల్లోంచి ఒక్క వాక్యం తీసుకోండి. "ఐ చెక్డ్ ద బిల్స్" అనుకుందాం. దాన్ని పైకి వినబడేలా తిప్పండి: "ఐ డిడ్ నాట్ చెక్ ద బిల్స్. డిడ్ యు చెక్ ద బిల్స్? యెస్, ఐ డిడ్. వెన్ డిడ్ యు చెక్ దెమ్? హూ చెక్డ్ దెమ్? ఐ హ్యావ్ చెక్డ్ దెమ్. హ్యావ్ యు చెక్డ్ దెమ్? ఐ విల్ చెక్ దెమ్ టుమారో. ఐ చెక్ దెమ్ డైలీ. దే ఆర్ చెక్డ్ డైలీ." క్రియ ఒక్కటే ఉండాలి, దాని ముందున్నవే మారాలి. మూడు వారాలు ఇది తప్ప ఇంకేదీ వద్దు. తర్వాత రెండు వారాలు "చూస్తాను, చూశాను, నుంచి"ల సంగతి. ఆ పైన ప్రిపోజిషన్లు.

ఇందులో పొరపాట్లు ఎక్కడ జరుగుతాయంటే, కొందరు మనసులోనే చదువుకుంటారు. కంటికి తెలిసింది నోటికి తెలియదు, పైకి అనాల్సిందే. ఇంకొందరు రోజుకో కొత్త క్రియ, కొత్త నియమం కలిపేస్తారు, ఏదీ నిలవదు. కొందరు పుస్తకంలోని వాక్యాలు తీసుకుంటారు. వాటితో రేపు మీకు పనిపడదు, మీ బిల్లులతోనే పడుతుంది. వి2, వి3 రూపాలు కూడా వందల కొద్దీ కంఠతా పట్టకండి. క్రమం తప్పి మారే క్రియలు సుమారు 200 ఉంటాయి కానీ మీ మెయిళ్ళలో వచ్చేవి ముప్పై నలభై మించవు. వాటినే రాసుకోండి. క్రమంగా మారేవాటిలో ఉచ్చారణ చూసుకోండి. "చెక్డ్" అని రాసినా చివర వినబడేది "ట్" శబ్దం, "కాల్డ్"లో "డ్", "పోస్టెడ్", "యాడెడ్"లలో మాత్రమే "ఇడ్" అని ఇంకో అక్షరం పలుకుతుంది. ఆ చివరి శబ్దం మింగేస్తే నిన్నటి పని ఈ రోజు పనిలా వినబడుతుంది.

ఈ దారిలోనూ లోటుంది. మీరు వాడని వాక్యాలు ఎప్పటికీ బాగుపడవు, తెలియక తప్పించుకు తిరిగే రూపాలు అలాగే ఉండిపోతాయి. తప్పు చూపించే మనిషి కూడా కావాలి. మీకు సహోద్యోగి ఉన్నారు, అది అదృష్టమే. ఆయన్ని అన్నీ దిద్దమని అడగకండి. "ఈ మూడు వారాలు డు, డిడ్, హ్యావ్ తప్పులు మాత్రమే చెప్పండి" అనండి. అడిగింది చిన్నదైతే ఆయనకూ విసుగు రాదు. మీ అమ్మాయికీ అదే హద్దు పెట్టండి. ఎందుకు తప్పు అని పాపను అడగొద్దు. చెవితో నేర్చుకున్నవాళ్ళకు కారణం తెలియదు, అది పాప లోపం కాదు. "నువ్వైతే ఎలా అంటావమ్మా?" అని అడిగి ఆ వాక్యం రాసుకోండి. కారణం వెతుక్కోవడం మీ పని, అది మీకు పాపకంటే బాగా చేతనవుతుంది.

వయసు గురించి అడిగారు. ఉచ్చారణలో యాస పోవడం పెద్దవాళ్ళకు కష్టమే, దాచడం ఎందుకు. కానీ ఒక నియమం చెబితే అర్థం చేసుకుని వెంటనే వాడుకోవడంలో పెద్దవాళ్ళే పిల్లలకంటే ముందుంటారు. రోజంతా లెక్కలు సరిపోలేదని వెతికి తప్పు పట్టే మీకు, సొంత వాక్యంలో కాలం గుర్తు రెండుసార్లు పడిందేమో చూడటం కొత్త పని కాదు.

మీ పరిస్థితిలో నాలుగో దారి ఇప్పుడే మొదలుపెట్టి, దాంతోపాటే మీ భర్తతో రోజూ పది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడితే రెండూ ఒకదానికొకటి ఆసరాగా ఉంటాయి. రెండు నెలల తర్వాత కూడా మీటింగు అంటే గుండె దడగానే ఉంటే అప్పుడు కోర్సు చూడొచ్చు. అప్పటికి ఏం నేర్పమని అడగాలో కూడా మీకు తెలిసి ఉంటుంది. సమయం అసలు దొరకదు, ఎవరో ఒకరు కూర్చోబెట్టి చదివిస్తేనే చదువుతాను అనే స్వభావం మీదైతే కోర్సే ముందు పెట్టుకోండి, అందులో తప్పేమీ లేదు.

వచ్చే మీటింగుకు రెండు జాగ్రత్తలు. చెప్పాల్సిన మొదటి నాలుగు వాక్యాలు ముందురోజే రాసుకుని, పైకి అని చూసుకోండి. వాక్యం మధ్యలో తప్పు తెలిసినా వెనక్కి పోకండి, పూర్తిచేసి ముందుకు సాగండి. మళ్ళీ మొదలుపెడితే వినేవారికి గందరగోళం, మీకు కంగారు. రెండోది, మీ అధికారి "హ్యావెంట్ యు సెంట్ ద రిపోర్ట్?" అని అడిగితే, పంపకపోయి ఉంటే, తెలుగు అలవాటులో మన నోటికి "యెస్" వస్తుంది, "అవును, పంపలేదు" అన్న అర్థంలో. ఆయనకు మాత్రం పంపానన్నట్టు వినబడుతుంది. ఇంగ్లీషులో ప్రశ్న ఎలా ఉన్నా జరిగితే "యెస్", జరగకపోతే "నో". ఒట్టి "యెస్, నో"తో ఆపకుండా "నో, ఐ హ్యావెంట్. ఐ విల్ సెండ్ ఇట్ టుడే" అని నిండుగా చెప్పండి, ఎవరికీ ఏ అనుమానమూ మిగలదు.